ఇల్లు ఓనర్‌ది, స్వాధీనం అద్దెదారుది: అద్దె చట్టంలో తెలిసి ఉండాల్సిన మాటలు

క్లుప్తంగా: అద్దె గొడవ కోర్టుకెక్కితే ఇల్లు ఎవరిదన్న ప్రశ్న అరుదుగా వస్తుంది. ఇంట్లో ఎవరు ఉంటున్నారు, ఏ హక్కుతో ఉంటున్నారు, ఆ హక్కు ఎప్పుడు ముగిసింది అన్నవే తేలాల్సిన సంగతులు. లీజు, లైసెన్స్, నోటీసు, హోల్డింగ్ ఓవర్, మెస్నే ప్రాఫిట్స్ వంటి మాటలన్నీ వీటి నుంచి పుట్టినవే. ‘11 నెలల అగ్రిమెంట్ ఉంది కదా’ అన్న ధీమా, ‘12 ఏళ్లు దాటితే ఇల్లు వాళ్లదైపోతుంది’ అన్న భయం రెండూ జనం అనుకున్నంత నిజం కాదు.

అద్దె బేరం చాలాచోట్ల ఒకే తీరుగా కుదురుతుంది. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తారు. అద్దె, అడ్వాన్స్, మెయింటెనెన్స్ మాట్లాడుకుంటారు. వంద రూపాయల స్టాంపు కాగితం తెచ్చి, టైపింగ్ సెంటర్లో ఉన్న పాత నమూనాలో పేర్లు, అంకెలు మార్చి సంతకాలు పెట్టేస్తారు. అందులో ఏం రాసి ఉందో చదివే ఓపిక ఇద్దరికీ ఉండదు. గొడవ వచ్చాకే ఆ కాగితం బీరువాలోంచి బయటికి వస్తుంది. తీరా చూస్తే అందులో రాసినవాటిలో సగం చెల్లుతాయో లేదో తెలియదు, రాయనివి మాత్రం చట్టంలో చాలానే ఉంటాయి.

లీజా, లైసెన్సా

అన్నిటికీ మూలం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని 105వ సెక్షన్ ప్రకారం లీజు అంటే, కొంతకాలం పాటు ఆస్తిని అనుభవించే హక్కును ప్రతిఫలం తీసుకుని మరొకరికి బదిలీ చేయడం. ఇక్కడ బరువంతా ‘బదిలీ’ అన్న మాట మీదే ఉంది. యాజమాన్యం ఓనర్ దగ్గరే ఉంటుంది, స్వాధీనం మాత్రం చేయి మారుతుంది. ఇల్లు ఇచ్చాక అద్దె సక్రమంగా కడుతున్నంతకాలం అద్దెదారు ప్రశాంతంగా ఉండే హక్కుకు ఓనర్ కూడా అడ్డు రాకూడదని అదే చట్టం 108వ సెక్షన్ చెబుతుంది.

లైసెన్స్ అలా కాదు. అది అనుమతి మాత్రమే. అదే 1882లో వచ్చిన ఈజ్‌మెంట్స్ చట్టం 52వ సెక్షన్ కింద లైసెన్స్ పొందినవారికి ఆస్తిలో ఏ హక్కూ సంక్రమించదు. అనుమతి లేకపోతే తప్పయ్యే పని, అనుమతి ఉండటం వల్ల తప్పు కాకుండా పోతుంది, అంతే. హాస్టల్లో మంచం, పీజీలో పంచుకునే గది, ఎగ్జిబిషన్‌లో స్టాల్ సాధారణంగా ఈ కోవలోకి వస్తాయి.

మరి అగ్రిమెంట్ పైన ‘లైసెన్స్’ అని పేరు పెట్టేస్తే సరిపోతుందా? సరిపోదు. 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఈ ప్రశ్నే వచ్చింది. ఢిల్లీలోని ఒక పెద్ద హోటల్లో క్షౌరశాల నడుపుకోవడానికి గదులిచ్చారు. ఒప్పందంలో అంతటా లైసెన్స్ అనే రాశారు. అయినా అది లీజేనని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. కాగితం మీది పేరు కన్నా ఒప్పందం సారం, ఇరుపక్షాల ఉద్దేశం, ఆ స్థలం మీద పూర్తి స్వాధీనం ఇచ్చారా లేదా అన్నవి చూడాలన్న కొలమానం ఆ తీర్పుతోనే స్థిరపడింది. మహారాష్ట్రలో ‘లీవ్ అండ్ లైసెన్స్’ పద్ధతికి అక్కడి 1999 అద్దె చట్టమే ప్రత్యేక ఏర్పాటు చేసింది. దాన్ని రాసుకుని రిజిస్టర్ చేయించడం తప్పనిసరి, ఆ బాధ్యత ఓనర్‌దే. ముంబై నుంచి నమూనా దించుకుని హైదరాబాద్ ఫ్లాట్‌కు వాడితే ఆ రక్షణలు కూడా వెంట రావు.

11 నెలల లెక్క ఎక్కడిది

దేశమంతటా అద్దె అగ్రిమెంట్లు 11 నెలలకే ఎందుకు రాస్తారంటే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ వల్ల. ఏడాదికి మించిన లీజును, ఏటేటా సాగే లీజును, ఏడాది లెక్కన అద్దె కట్టే లీజును తప్పకుండా రిజిస్టర్ చేయించాలని ఆ సెక్షన్ అంటుంది. ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్‌దీ అదే మాట. గడువు ఏడాది లోపు పెట్టుకుంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగే పని, ఆ ఖర్చు రెండూ తప్పుతాయి. 11 నెలల లెక్కలో ఉన్నది ఇంతే. ఓనర్‌కు అదనపు బలమేదీ దీని వల్ల రాదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ లెక్క కూడా కుదరదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో 17వ సెక్షన్‌ను సవరించి, గడువు ప్రస్తావన తీసేసి, స్థిరాస్తి లీజు ఏదైనా రిజిస్టర్ కావాల్సిందేనని చేసింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. అంటే మిగతా రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ తప్పించే 11 నెలల కాగితం ఇక్కడ దాన్ని తప్పించలేదు. పాతికేళ్లు దాటినా టైపింగ్ సెంటర్ నమూనాలు మాత్రం మారలేదు.

రిజిస్టర్ కాని కాగితం గతి ఏమిటి? రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ ప్రకారం అందులోని షరతులను రుజువు చేయడానికి దాన్ని సాక్ష్యంగా వాడుకోలేరు. స్వాధీనం ఏ రకమైనది వంటి పక్క విషయాలకు మాత్రం చూపించవచ్చు. ‘ఆరు నెలల లాకిన్’ (అప్పటిదాకా ఖాళీ చేయకూడదన్న షరతు), ‘ఏటా 10 శాతం పెంపు’, ‘రెండు నెలల ముందు నోటీసు’ అని ఎంత వివరంగా రాసుకున్నా అవి కోర్టులో నిలబడటం కష్టమవుతుంది. అలాగని అద్దె సంబంధమే లేకుండా పోదు. 2000లో ఆంథోనీ కేసులో సుప్రీంకోర్టు ఈ చిక్కును విప్పింది. రిజిస్టర్ కాని పత్రం దానంతటది లీజును సృష్టించకపోయినా, ఇల్లు అప్పగించి అద్దె తీసుకుంటున్నారు కాబట్టి వారి నడవడిని బట్టి నెలసరి అద్దె సంబంధం ఏర్పడినట్టేనంది. మొత్తం మీద కాగితం బలహీనపడుతుంది, అద్దెదారు హోదా మిగులుతుంది.

నోటరీ ముద్ర గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. సంతకాలు పెట్టింది ఫలానావారేనని నోటరీ ధ్రువీకరిస్తారు. అది రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. స్టాంపు డ్యూటీ మరో సంగతి. చాలినంత కట్టకపోతే 1899 స్టాంపు చట్టం 35వ సెక్షన్ కింద, తక్కువైన సొమ్ముతో పాటు జరిమానా కట్టేదాకా ఆ పత్రాన్ని సాక్ష్యంగా తీసుకోరు. జరిమానా తక్కువైన సొమ్ముకు పది రెట్ల దాకా వెళ్లవచ్చు. వంద రూపాయల కాగితం సరిపోతుందన్నది అలవాటే తప్ప నియమం కాదు.

గడువు ముగిసిన మర్నాడు

ఎక్కువ గందరగోళం ఇక్కడే. ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో 18,000 రూపాయల అద్దెకు ఒక ఫ్లాట్. అగ్రిమెంట్ గడువు జనవరితో అయిపోయింది. కొత్తది రాసుకోలేదు. ప్రతి నెలా 5వ తేదీలోపు అద్దె ఫోన్‌లో పడుతోంది, ఓనర్ తీసుకుంటున్నారు. జూన్‌లో ఓనర్‌కు ఇల్లు కావాల్సి వచ్చింది. ‘అగ్రిమెంట్ ఎప్పుడో అయిపోయింది, మీరు ఉండటమే అక్రమం, వారంలో ఖాళీ చేయండి’ అన్నారు.

ఆ మాట చెల్లదు. గడువు ముగిశాక కూడా అద్దెదారు ఇంట్లో ఉంటూ ఉంటే, ఓనర్ అద్దె తీసుకోవడం ద్వారానో మరో రకంగానో దానికి ఒప్పుకుంటే, ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ దాన్ని హోల్డింగ్ ఓవర్ అంటుంది. ఇంటి విషయంలో అది నెలనెలా కొనసాగే అద్దెగా మారుతుంది. దాన్ని ముగించాలంటే 106వ సెక్షన్ కింద 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఆ రోజులను నోటీసు రాసిన తేదీ నుంచి కాక, అది అందిన తేదీ నుంచి లెక్కిస్తారు. నోటీసు మీద సంతకం ఉండాలి. పోస్టులో పంపవచ్చు, చేతికి ఇవ్వవచ్చు, ఇంట్లోవాళ్లకు అందజేయవచ్చు, అవేవీ కుదరకపోతే ఇంటికి అందరికీ కనిపించే చోట అతికించవచ్చు.

పాత రోజుల్లో ఈ నోటీసు గడువు అద్దె నెల చివరి రోజుతో సరిగ్గా ముగియాలన్న నియమం ఉండేది. ఒక్క రోజు తేడా వచ్చినా దావా కొట్టేసేవారు. ఏళ్ల తరబడి నడిచిన కేసులు ఈ లెక్క దగ్గర కుప్పకూలడంతో, 2002 చివర్లో పార్లమెంటు దాన్ని సవరించింది. ఇప్పుడు నోటీసులో చెప్పిన గడువు కాస్త తక్కువైనా, నిజంగా 15 రోజులు గడిచాక దావా వేస్తే సరిపోతుంది. ఈ 15 రోజుల నియమం అద్దెదారుకూ వర్తిస్తుంది. చెప్పాపెట్టకుండా తాళం చెవులు ఇచ్చేసి వెళ్లిపోవడం చట్టం ఒప్పుకునే పద్ధతి కాదు. వేరే గడువు రాసుకుని, ఆ ఒప్పందం చెల్లేదైతే అదే నడుస్తుంది.

నోటీసు గడువు దాటాక కూడా ఖాళీ చేయకపోతే అద్దెదారు హోదా పోతుంది. అప్పటి నుంచి కట్టాల్సిన సొమ్మును అద్దె అనరు, మెస్నే ప్రాఫిట్స్ అంటారు. అక్రమంగా స్వాధీనంలో ఉన్నవారు ఆ ఆస్తి మీద పొందిన లేదా పొందగలిగిన లాభం అని సివిల్ ప్రొసీజర్ కోడ్ దాన్ని నిర్వచిస్తుంది. దీని లెక్కకు పాత అద్దె కొలత కాదు, మార్కెట్ అద్దె కొలత. పై ఉదాహరణలో అదే అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు 25,000 పలుకుతోందని ఓనర్ రుజువు చేస్తే, కోర్టు ఆ లెక్కన కట్టమనవచ్చు. కేసు సాగదీస్తే పాత అద్దెకే హాయిగా ఉండొచ్చన్న ఆలోచనకు 2004లో ఆత్మారామ్ ప్రాపర్టీస్ తీర్పు గట్టి దెబ్బ కొట్టింది. ఖాళీ చేయాలని డిక్రీ వచ్చాక అప్పీలు పేరుతో ఉండిపోవాలంటే, ఆ ఇల్లు మరొకరికి ఇస్తే వచ్చే అద్దె స్థాయిలో కట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది.

తాళం మార్చే హక్కు

నోటీసు ఇచ్చేశాం, గడువూ దాటిపోయింది, ఇక సామాను బయట పెట్టొచ్చు కదా అనుకుంటారు కొందరు. పెట్టకూడదు. నోటీసు హక్కును మాత్రమే ముగిస్తుంది. స్వాధీనం తిరిగి రావాలంటే అద్దెదారు తనంతట తాను ఇవ్వాలి, లేదా కోర్టు ఇప్పించాలి. ఓనర్ తాళం మారిస్తే, అద్దెదారు 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి మళ్లీ ఇంట్లోకి రావచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న వాదనకు చోటే లేదు. చట్టబద్ధంగా కాకుండా బయటికి పంపారా లేదా అన్నదొక్కటే చూస్తారు. నీళ్లు, కరెంటు ఆపేసి పొగబెట్టడం కూడా ప్రశాంతంగా ఉండే హక్కును ఉల్లంఘించడమే.

ఇల్లు మధ్యలో అమ్మేస్తే? ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం కొన్నవారు పాత ఓనర్ స్థానంలోకి వస్తారు, అద్దె సంబంధం అలాగే సాగుతుంది. రిజిస్ట్రేషన్ అయిన మర్నాడే ఖాళీ చేయమనే ప్రత్యేక హక్కు కొత్త ఓనర్‌కు ఉండదు.

రెంట్ కంట్రోల్ ఎవరికి వర్తిస్తుంది

‘రెంట్ కంట్రోల్ కోర్టుకు వెళ్తా’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. కానీ ఇప్పుడు చాలా ఇళ్లు ఆ చట్టం పరిధిలోనే లేవు. 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం తెలంగాణలో కొనసాగుతోంది. దాని కింద ఓనర్ నోటీసు ఇస్తే చాలదు, కారణం చూపాలి. కావాలని అద్దె ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా మరొకరికి ఇవ్వడం, ఇంటిని వేరే పనికి వాడటం, ఓనర్‌కు సొంత అవసరం వంటివి ఆ కారణాలు. అద్దెదారుకు ఇది పెద్ద రక్షణే. అయితే 2005 సవరణతో మున్సిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలకు ఆ చట్టం వర్తించదు. హైదరాబాద్‌లో ఈ రోజు 3,500 లోపు దొరికే ఇల్లు వెతకాల్సిందే. కాబట్టి మామూలు ఫ్లాట్ల గొడవలన్నీ ఆస్తి బదిలీ చట్టం కింద సివిల్ కోర్టుకే వెళ్తాయి. అక్కడ కారణం అడగరు, నోటీసు సరిగ్గా ఉందా లేదా అన్నదే ముఖ్యం. ఆంధ్రప్రదేశ్ 2017లో కొత్త అద్దె చట్టం చేసుకుని వేరే దారి పట్టింది.

ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇళ్ల కొరత వచ్చి, 1918లో బొంబాయిలో అద్దెలకు కళ్లెం వేశారు. రెండో యుద్ధం తర్వాత అలాంటి చట్టాలు దేశమంతా విస్తరించాయి. తాత్కాలికం అనుకున్నవి దశాబ్దాలు ఉండిపోయాయి. అద్దె 1940ల దగ్గరే ఆగిపోతే ఇంటికి మరమ్మతు చేయించే ఓనర్ ఉండడు. ఖాళీ చేయించలేమన్న భయంతో ఇళ్లకు తాళాలు వేసి ఉంచేవాళ్లూ పెరిగారు. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ భారతంలో కోటీ 10 లక్షలకు పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. అన్నిటికీ ఇదే కారణం కాకపోయినా, అద్దె చట్టాలు మార్చాలన్న వాదనకు ఈ అంకే ఊతమైంది.

అడ్వాన్స్, పెయింటింగ్

అడ్వాన్స్ ఎంత ఉండాలో ఆస్తి బదిలీ చట్టం చెప్పదు. అది బేరానికి వదిలేసిన విషయం. అందుకే హైదరాబాద్‌లో రెండు మూడు నెలలు చాలనుకునే చోట, బెంగళూరులో పది నెలలు అడగడం మామూలైంది.

అది తిరిగి ఇచ్చే రోజు వచ్చే పేచీకి మాత్రం చట్టంలో జవాబుంది. 108వ సెక్షన్ ప్రకారం ఇంటిని తీసుకున్నప్పుడు ఉన్న స్థితిలో అప్పగించాలి, సహజంగా వచ్చే అరుగుదల మినహా. మూడేళ్లలో గోడల రంగు వెలిసిపోవడం, స్విచ్‌బోర్డు చుట్టూ మరకలు, తలుపు గొళ్లెం వదులవడం అరుగుదల. పగిలిన వాష్‌బేసిన్, పిల్లలు క్రేయాన్లతో నింపిన గోడ, ఏసీ కోసం ఇష్టమొచ్చినట్టు కొట్టిన రంధ్రం నష్టం కిందికి వస్తాయి. మరి పెయింటింగ్ పేరుతో నెల అద్దె పట్టుకోవడం? చట్టంలో అది లేదు. అయితే 108వ సెక్షన్ నియమాలు వేరే ఒప్పందం లేనప్పుడు వర్తించేవి. చెల్లుబాటయ్యే అగ్రిమెంట్‌లో పెయింటింగ్ ఖర్చు అద్దెదారుదే అని రాసి ఉంటే దానికి కట్టుబడాల్సిందే. ఇల్లు తీసుకునే రోజు గోడలు, కుళాయిలు, కప్‌బోర్డులు ఫోన్‌లో వీడియో తీసి ఇద్దరి దగ్గరా ఉంచుకుంటే ఈ వాదన సగం తగ్గుతుంది.

ఎక్కువమందికి తెలియనిది ఇంకొకటి. ఓనర్ చేయించాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చినా సబబైన సమయంలో చేయించకపోతే, అద్దెదారే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చని అదే సెక్షన్ అంటోంది. బిల్లు, నోటీసు ప్రతి రెండూ ఉంటేనే ఈ హక్కు పనికొస్తుంది.

12 ఏళ్ల భయం

ఎక్కువకాలం అద్దెకుంటే ఇల్లు వాళ్లదైపోతుందన్న నమ్మకం ఓనర్లలో బాగా పాతుకుపోయింది. దీనికి మూలం 1963 కాలపరిమితి చట్టంలోని 65వ అధికరణం. అసలు యజమాని హక్కును ధిక్కరిస్తూ, బహిరంగంగా, ఎడతెగకుండా 12 ఏళ్లు స్వాధీనంలో ఉంటే ప్రతికూల స్వాధీనం ఏర్పడుతుంది. ఆ ధిక్కారమే ఇక్కడ కీలకం. అద్దెదారు ఉండేది ఓనర్ ఇష్టంతో. అద్దె కట్టిన ప్రతిసారీ ఓనర్ హక్కును ఒప్పుకున్నట్టే. ఇల్లు తీసుకున్నప్పుడు ఓనర్‌కు హక్కు ఉందని ఒప్పుకుని, అద్దెకుంటూ దాన్ని కాదనడానికి సాక్ష్య చట్టం కూడా అనుమతించదు. దీన్నే ఎస్టాపెల్ అంటారు. అద్దె సంబంధం నడుస్తున్నంతకాలం 20 ఏళ్లు గడిచినా ఇల్లు చేయి మారదు.

భయపడాల్సిన చోటు వేరే ఉంది. అద్దె సంబంధం ముగిసిన తేదీ నుంచి స్వాధీనం కోసం దావా వేయడానికి 67వ అధికరణం ఇచ్చే గడువు 12 ఏళ్లే. నోటీసు ఇచ్చి, అద్దె తీసుకోవడం మానేసి, ఊరుకున్న ఓనర్‌కు కాలం ఎదురు తిరుగుతుంది. 11 నెలలకోసారి కొత్త కాగితం రాయించుకోవడం దీనికి మందు అనుకుంటారు గానీ, అద్దె అందుతున్నట్టు బ్యాంకు ఖాతాలో కనిపించే ఆనవాలు కూడా అంతే పని చేస్తుంది.

మోడల్ చట్టం వస్తే మారేవి

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. భూమి, ఓనర్ అద్దెదారుల సంబంధం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి కాబట్టి ఇది దానంతటది ఎక్కడా అమలు కాదు. రాష్ట్ర శాసనసభ తన చట్టం చేసుకోవాలి. తమిళనాడు, ఉత్తరప్రదేశ్ ఇదే తరహా చట్టాలు చేసుకున్నాయి.

ఈ నమూనాలో ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించకూడదు, ఇతర భవనాలకు ఆరు నెలలు. ఓనర్ ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా తెలపాలి. మరమ్మతులను కూడా పంచేసింది. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, సున్నం, రంగులు, పైపులు, వైరింగ్ ఓనర్ ఖాతాలో వేసింది. కుళాయి వాషర్లు, స్విచ్చులు, తలుపు తాళాలు, కిటికీ అద్దాలు అద్దెదారు చూసుకోవాలి. గడువు దాటి ఉండిపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు. మెస్నే ప్రాఫిట్స్ కోసం మార్కెట్ అద్దె రుజువు చేసే శ్రమ దీంతో పోతుంది.

పంపకం చూస్తే ఇరువైపులా ఏదో ఒకటి దక్కినట్టే ఉంది. అద్దెదారుకు అడ్వాన్స్‌లో ఊరట, ఓనర్‌కు ఖాళీ చేయింపులో వేగం. అయితే ఆ వేగం రెంట్ అథారిటీ, రెంట్ కోర్టు, రెంట్ ట్రైబ్యునల్ అనే మూడంచెలు నిజంగా ఏర్పాటై, సిబ్బంది ఉంటేనే వస్తుంది. రెవెన్యూ అధికారికే అదనపు బాధ్యతగా అప్పగిస్తే సివిల్ కోర్టు క్యూ ఇంకో ఆఫీసుకు మారుతుందంతే. నోటిమాట అద్దెలకు అందులో చోటు లేదు. ఒప్పందం రాసుకుని రెండు నెలల్లోపు ఓనర్, అద్దెదారు కలిసి రెంట్ అథారిటీకి తెలియజేయాలి. నమూనా చట్టం ముందుకాలానికే వర్తించేలా రాసినందువల్ల, అలాంటి చట్టం వచ్చిన చోట కూడా అప్పటికే నడుస్తున్న అద్దెల మీద దాని ప్రభావం ఉండదు. ఆ ఇళ్ల విషయంలో 106వ సెక్షన్ నోటీసు, 15 రోజుల లెక్కే ఇంకొంతకాలం నడుస్తాయి.